ఎడమ చేతి కొలత

“కాసేపే కదా, పిల్లని లోపలి గదిలో కూర్చోబెడితే అరిగిపోతావా?” అన్నాడు భర్త, ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

ఆ ఇంట్లో ప్రతి పనీ కాసేపే. టీ కాసేపే, ఇస్త్రీ కాసేపే, పుట్టుకతోనే పొట్టిగా ఉండి లోపలికి వంగిన పాప ఎడమ ముంజేతిని రోజూ సాగదీసి, పట్టీ కట్టి, ఏడుపు మాన్పించడమూ కాసేపే. ఈ కాసేపులన్నీ కలిస్తే ఓ మనిషి బతుకు అవుతుందని లెక్కేసిన నాథుడు లేడు.

రేపు మరిదిని చూసుకోవడానికి ఆడపెళ్లివారు వస్తున్నారు. ఆ చెయ్యి చూస్తే సంబంధం తప్పిపోతుందని ఇంటిల్లిపాదికీ భయం. “మా వంశంలో ఎవరికీ లేదమ్మా, మీ వైపుదే” అని పాప పుట్టిన రోజే అత్తగారు తేల్చేశారు. కోడలు చదివిన డిగ్రీ ఆ తీర్పు ముందు నోరెత్తలేదు. పుట్టింటి ఫొటోల్లో అందరి చేతులూ మాత్రం దొంగచాటుగా పరీక్ష చేసుకుంది.

సాయంత్రం అత్తగారు కొత్త గౌను కుట్టి తెచ్చారు.

“ఇది తొడుగు. గదిలో దాచక్కర్లేదు.”

పొడుగు చేతుల గౌను. ఎడమ చేతి లోపల, వంకర మణికట్టు ఆనేచోట, చిన్న సంచీ. పైన కుచ్చులు. పాపకి అతికినట్టు సరిపోయింది.

అత్తగారు ఆ చేతిని ఏనాడూ ముట్టుకుని ఎరగరు.

“కొలత ఎక్కడిది అత్తయ్యా?”

ఆవిడ దారపుండలు డబ్బాలో సర్దారు. “అలవాటే,” అన్నారు. “మీ ఆయనకంటే ముందు ఓ ఆడపిల్ల నాకు.”

“ఏమైంది?”

“జ్వరం. డాక్టరు గౌను విప్పి చెయ్యి చూస్తాడని మీ మామయ్య వద్దన్నారు. నేనూ సరేనన్నాను.”

కోడలు కత్తెర అందుకుంది. గౌను చేతులు రెండూ భుజాల దగ్గరికి కత్తిరించేసింది. అత్తగారు ఆపలేదు.

మర్నాడు పాప తల్లి ఒళ్లో కూర్చుని, ఆ చేత్తోనే బిస్కెట్టును గుండెకి అదిమి పట్టుకుంది. పెళ్లికూతురి తల్లి కప్పు కింద పెట్టింది.

“పుట్టుకతోనేనా? ఎవరి వైపు నుంచో?”

భర్త గొంతు సవరించుకున్నాడు. “అంటే, మా ఆవిడ వాళ్ల...”

“మాదే,” అన్నారు అత్తగారు. “నా పెద్దకూతురికీ ఇదే చెయ్యి.”

తనకో అక్క ఉండేదని అతనికి అప్పుడే తెలిసింది. ఏం చెయ్యాలో తోచక అలవాటైన వైపే తిరిగాడు.

“టీ చల్లారింది. మళ్లీ పెట్టు.”

“కాసేపే కదా,” అంది ఆమె, పాపని ఒళ్లోంచి దించకుండా. “మీరు పెట్టండి.”