ఊరుకుంటే ప్రకటన

మారేడ్‌పల్లిలోని మా రేడియో స్టేషన్‌లో పొద్దున్నపూట శ్రోతలతో మాట్లాడే కార్యక్రమం నాది. జనం ఫోన్ చేసి కష్టం సుఖం చెప్పుకుంటారు. ఈ ఏడాది నుంచి ఇంటర్నెట్‌లో కూడా వినిపిస్తున్నారు. అక్కడ మాట ఆగితే చాలు, కంప్యూటర్ దాన్ని విరామం అనుకుని ప్రకటన వేసేస్తుంది. ఆ ముక్క నాకెవరూ చెప్పలేదు.

ఓ రోజు తిరుమలగిరి నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "మా ఆయన పోయిండమ్మా. బిల్డింగ్ పని చేస్తుంటే పైనుంచి పడ్డడు" అంది.

మాది విజయనగరం వైపు. చావు కబురు వింటే మా ఇంట్లో ఎవరూ వెంటనే నోరు తెరవరు. కాసేపు ఊరుకోవడమే మర్యాద. నేనూ ఊరుకున్నాను. ఇంటర్నెట్‌లో వింటున్నవాళ్ళకు ఆ కాసేపూ సైనిక్‌పురిలో కొత్త ఫ్లాట్ల ప్రకటన వినిపించిందట, వెనక సన్నాయితో సహా.

మేనేజర్ విశ్వతేజ సిగ్గుపడతాడనుకున్నాను. "సూపర్ రెస్పాన్స్ దేవిగారూ. ఆ యాడ్ వస్తుంటే ఒక్కరు కూడా ఆఫ్ చెయ్యలేదు. ఏడ్చేవాళ్ళ కాల్స్ ఇంకొంచెం ఎక్కువ తీసుకోండి. మీరు అలాగే సైలెంట్‌గా ఉంటే చాలు" అన్నాడు.

అప్పటినుంచి ఎవరు ఏడ్చినా ప్రకటనకు సందివ్వకుండా వాగుతూనే ఉన్నాను. వాళ్ళ వెక్కిళ్ళ మీద కూడా నా గొంతే.

నిన్న ఇంటర్నెట్‌లో నన్ను విని మా అమ్మ ఫోన్ చేసింది.

"చావు కబురు చెప్తుంటే మధ్యలో అలా వాగుతావేటే దేవీ? నిన్ను ఇలాగేనా పెంచినాను?"