ఏడు చీరల బస్కీలు

మా బావ తిప్పేస్వామికి రాయడం రాదు. ఈ ఒక్క మాట హిందూపురం వస్తాదుకు ముందే చెప్పి ఉంటే, ఏడుగురు ఆడవాళ్లను రైలెక్కించే పని నాకు తప్పేది. కానీ బావ చెప్పడు. ఎవరేమన్నా తలూపి వచ్చేయడం ఆయన స్వభావం.

1959 నాటి సంగతి ఇది. మాది ధర్మవరం, పట్టుచీరల నేత. బావా, మా అక్క చౌడక్కా ఒక మగ్గం మీద, పక్కింట్లో నేనొక మగ్గం మీద నేసేవాళ్లం. గుంట మగ్గాలు. పొద్దున గుంటలో కాళ్లు దించితే మళ్లీ అన్నం వేళకే పైకి తీయడం. బావ వాళ్ల నాయన నలభై అయిదేళ్లకే గుంటలోంచి తనంతట తాను లేవలేకపోయాడు. ఇద్దరు చంకల కింద చేతులు వేసి లేపేవాళ్లు. ముప్పై నాలుగో ఏడు వచ్చేసరికి బావకు అదే భయం పట్టుకుంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే మోకాళ్లు నొక్కి చూసుకునేవాడు.

ఒకసారి చీరలు ఇచ్చి రావడానికి హిందూపురం పోయి, అక్కడ నారాయణప్ప వస్తాదు నడిపే గరిడీలోకి తొంగిచూశాడు. కసరత్తు చేసే ఆ మట్టినేల మధ్యలో ఆరు మణుగుల రాతిగుండు ఉంది. దాన్ని నడుముదాకా ఎత్తినవాళ్ల పేర్లు గోడమీద తారుతో రాసి ఉన్నాయి. పదకొండు పేర్లు. నేసేవాడు ఒక్కడూ లేడు. ఆ గోడమీద తన పేరు పడితే ఇక జన్మలో మోకాళ్లు మొరాయించవని బావకు గట్టి నమ్మకం కలిగింది. పేరుకూ మోకాలుకూ ఏం సంబంధమని అడిగి అడిగి నా నోరు నొప్పి పెట్టింది.

వస్తాదు గుండును ఊరికే ముట్టనివ్వడు. నూరు రోజులు కూర్చుని లేస్తూ బస్కీలు తీయాలి. మొదటిరోజు పది, ఆపైన రోజుకు ఒక్కటే ఎక్కువ. ఏ రోజు లెక్క ఆ రోజే రాసి పెట్టాలి. నూరో రోజు దాటాక ఆ లెక్క తెచ్చి చూపించాలి. ఒక్కరోజు తప్పినా మళ్లీ పది దగ్గర మొదలు. బావ తలూపి వచ్చేశాడు.

రాయడం రాదు గానీ జరీ బుటాలు వేయడం వచ్చు. లెక్క కలగాపులగం కాకూడదని ఆ రోజుల్లో మగ్గం మీద ఆయనొక్కడే కూర్చున్నాడు. బస్కీకొక బుటా. పది బస్కీలు తీసినరోజు నేసిన బట్టలో పది బుటాలు, మరునాడు పదకొండు. చీరకు ఒక కొస పలచగా, పోనుపోను చిక్కగా తయారైంది. షావుకారు ముందు తిట్టాడు. తర్వాత అదేదో కొత్త రకమని అమ్మేశాడు. ఆడవాళ్లు ఎగబడి కొన్నారు.

ఇంకో చిక్కు. బస్కీలు తీసేటప్పుడు బావకు ఆయాసం ముంచుకొచ్చి లెక్క తప్పేది. అందుకని అక్క వెనక నిలబడి లెక్కపెట్టేది. ఆ తంతు పెరట్లో తలుపు వేసుకుని జరిగేది కాబట్టి నేను చూడలేదు.

నలభై రోజులయ్యాక బావకు విషజ్వరం తగిలింది. పంతొమ్మిది రోజులు ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాడు. లేచి మగ్గం దగ్గరికి పోతే నేత ముందుకు సాగి ఉంది, బుటాలు రోజుకొకటి పెరిగి ఉన్నాయి. వేరే ఎవరైనా అయితే పెళ్లాన్ని అడుగుతారు. మా బావ అడగలేదు. మగ్గం మీద ఉన్నది అబద్ధం కాదు కాబట్టి, జ్వరంలో తానే లేచి బస్కీలు తీసి ఉంటానని తీర్మానించుకున్నాడు. చివరి వరుసలో అరవై ఎనిమిది బుటాలున్నాయి. ఆయన బక్క కాళ్లతో లేచి అరవై తొమ్మిది బస్కీలు తీసి, ఆ పూటంతా పడుకున్నాడు.

నూరు రోజులూ అయ్యాయి. బావ హిందూపురం పోతే వస్తాదు లెక్క చూపించమన్నాడు. లెక్క ఏడు చీరలైపోయి, ధర్మవరంలో నాలుగు, పెనుకొండలో మూడు కాపురం చేస్తున్నాయి. బావ వచ్చి నా ముందు కూర్చుని మోకాళ్లు నొక్కుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. అయినా బయలుదేరాను, చూస్తూ ఊరుకోలేక.

చీర అరువిమ్మంటే ఎవరిస్తారు? ఏడుగురూ ఒకే మాట చెప్పారు, కట్టుకుని తామే వస్తామని. ఎవరి తొడల బలం తాము ఇన్నాళ్లూ ఒంటికి చుట్టుకున్నారో చూడాలని వాళ్లకూ ఉంది. బావా అక్కా కూడా మాతో రైలెక్కారు. పెనుకొండ సుబ్బలక్ష్మమ్మ దారిలో తినడానికి పులిహోర కూడా కట్టుకొచ్చింది.

నారాయణప్ప ఆంజనేయస్వామి భక్తుడు, బ్రహ్మచారి. ఆడవాళ్లు గరిడీలో అడుగుపెడితే వస్తాదూ శిష్యులూ అందరూ గోడవైపు తిరిగి నిలబడాలని అక్కడి నియమం. ఏడుగురూ ఒకేసారి వచ్చేసరికి వస్తాదూ శిష్యులూ కలిపి ఇరవైమంది లంగోటీలతో గోడకు ముఖం పెట్టారు. ఇక లెక్క చదవాల్సింది నేనే. మొదటి చీర కొస పట్టుకుని పది, పదకొండు, పన్నెండు అని అరిచి చెబుతుంటే, వస్తాదు గోడకేసి తలూపుతూ పోయాడు.

సుబ్బలక్ష్మమ్మది నాలుగో చీర. దాన్ని వేళ్లతో తడమగానే నా నోరు ఆగిపోయింది. ఎవరి నేత ఎవరిదో మాకు చేతికి తెలుస్తుంది. పోగు బిగించడానికి కొట్టిన దెబ్బ బావది కాదు. బావది మెత్తన. ఇది గట్టి దెబ్బ, చిన్నప్పటినుంచీ నేనెరిగిన దెబ్బ. ఆలోచించకుండా అనేశాను, ఇది అక్క నేసిందని.

బావ అక్క ముఖం చూశాడు. అక్క మామూలుగానే చెప్పింది.

"నీకు ఒళ్లు తెలీదు. మగ్గం ఊరికే పెడితే ఎట్ల? బుటా ఎయ్యల్లంటే బస్కీ తియ్యల్ల గదా, తీసి ఏస్తి."

ఆ పంతొమ్మిది రోజులేనా అని బావ అడిగాడు.

"మొదటినుంచీ నీ వెనకాల నీతో పాటే తీస్తాండా. ఊరికే నిలబడితే నాకు లెక్క నిల్చదు."

గోడ దగ్గర ఎవరో దగ్గారు. లెక్క తేలిపోయింది. అక్కకు నూరు రోజులు, బావకు ఎనభై ఒకటి.

బావ నోరు మూసుకుని ఊరుకోవచ్చు. వస్తాదు గోడవైపు ఉన్నాడు, తలూపితే కూడా కనబడదు. కానీ ఎప్పుడూ తలూపే మనిషి ఆ రోజు నోరు తెరిచాడు. "వస్తాదూ, ఆ పంతొమ్మిది నావి కావు. నేను మళ్లా పదినుంచి పెట్టుకుంటా. నూరు దినాలదీ మా ఆమెది. గుండు ఆమె ముట్టల్ల" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. నాకు ఆయనమీద అంత గౌరవం అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

వస్తాదు గోడకేసే తిరిగి తన నియమాలన్నీ వేళ్లమీద ఎంచాడు. ఆడవాళ్లు ముట్టకూడదని నియమంలో ఎక్కడా లేదు, ఎవరికీ ఆ ఆలోచన రాలేదు కాబట్టి. లెక్క ఉన్నవాళ్లు ముట్టవచ్చు అన్నాడు.

అక్క ముందుకు వచ్చి కుచ్చిళ్లు పైకి దోపి, కచ్చ బిగించింది. మోకాళ్లు బయటపడ్డాయి. పరాయి ఊళ్లో, ఇరవైమంది మగవాళ్లున్న చోట, నా అక్క. నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరూ తిరగమనకపోయినా నేనూ గోడవైపు తిరిగాను.

వెనక ఊపిరి బిగబట్టిన చప్పుడు వినిపించింది. సుబ్బలక్ష్మమ్మ "అయ్యో తల్లీ" అంది. చాలాసేపటికి నేల అదిరింది. ఆడవాళ్లంతా ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు, నడుముదాకా ఎత్తిందని. బావ కూడా అదే చెప్పాడు.

వస్తాదు పేరు రాయించడానికి తారు డబ్బా తెమ్మన్నాడు. నిజంగానే తెమ్మన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. అయితే పేరు రాయాలంటే ఎత్తగా చూసిన సాక్షి కావాలి, అతను మగవాడై ఉండాలి, మొగుడి మాట చెల్లదు. శిష్యులంతా గోడవైపే ఉన్నారు.

"వెంకటరాముడూ, చీరలు చూసినోడివి నువ్వే గదా. గుండు లేసింది చూస్తివా?" అని వస్తాదు నన్ను అడిగాడు.

చూశానంటే సరిపోయేది. తారు డబ్బా నా కాళ్ల దగ్గరే ఉంది. వెనక్కి తిరిగాను. అక్క చేతులకు మట్టి, నుదుటిమీద చెమట. నావైపే చూస్తోంది. ఆ ముఖంలో ఉన్న సంతోషం నేను ఆమె పెళ్లిలో కూడా చూడలేదు. వస్తాదుకు చెప్పాల్సింది ఆమెకు చెప్పాను.

"చూడ్లేదక్కా."

అక్క కుచ్చిళ్లు దించుకుంది.