తెల్ల కళ్ళ ఈగలు

గుంటూరు కాలేజీ ల్యాబులో సిద్దికా పొద్దున్నే చేసే మొదటి పని ఈగలకు వంట. మొక్కజొన్న రవ్వ, బెల్లం వేసి జావ కాచి, సీసాల్లో పోసి, చల్లారాక అరటిపళ్ళ మీద ముసిరే ఆ బుల్లి ఈగల్ని అందులో వదిలేది. రెండు వారాలు తిరక్కుండానే వాటికి పిల్లలు పుట్టేస్తాయి. తల్లిదండ్రుల నుంచి బిడ్డకు ఏమేం దిగుతాయో చూడాలంటే అంతకంటే తేలిక దారి లేదు.

అక్కడ జావ ఎవరు కలిపితే ఈగలకు వాళ్ళ పోలికలు వచ్చేవి. దేవకుమారి మేడంది ఎడమచేతి వాటం. ఆవిడ సీసాలో ఈగలు ఎడమవైపుకే తిరిగేవి. అందుకే ఎవరి జావ వాళ్ళే కలుపుకోవాలని మేడం నియమం పెట్టారు.

రెండువేల మూడు వేసవిలో, మిర్చి యార్డులో వ్యాపారం చేసే మేనమామ కొడుకు అన్వర్, తనతో పెళ్ళి కుదిరిన సిద్దికాని పెళ్ళిబట్టలకు తీసుకెళ్దామని వచ్చాడు. ఆలస్యమవుతోందని తనూ గరిటె పట్టుకున్నాడు. ఇద్దరూ నవ్వుకుంటూ ఒకే గిన్నె కలిపారు.

ఆ సీసాలో పుట్టిన ఈగలకు మత్తిచ్చి సిద్దికా మైక్రోస్కోపు కింద పరిచింది. ఆమె వదిలింది అచ్చమైన ఎర్రకళ్ళ జాతి. ఇప్పుడు నాలుగింట ఒకదానికి కళ్ళు తెల్లగా ఉన్నాయి. తల్లిలోనూ తండ్రిలోనూ కనబడకుండా దాగినది బిడ్డలో బయటపడితే లెక్క అలాగే వస్తుందని జూనియర్లకు తనే పాఠం చెప్పింది. మత్తు దిగాక ఆ తెల్లకళ్ళవి సీసా గోడలకు గుద్దుకుంటూ తిరిగాయి.

అక్క జమీలాని చేసుకున్నది అన్వర్ అన్నే. వాళ్ళ కూతురు సమీరా దీపాలు పెట్టే వేళకల్లా గోడ తడుముకుంటూ నడుస్తుంది.

అన్వర్‌ని పిలిపించి చూపించింది. అతను చాలాసేపు అద్దం మీంచి కన్ను తియ్యలేదు.

"వీళ్ళు మన పిల్లలా?" అన్నాడు.

సిద్దికా తలూపింది.

ఆ సాయంత్రం అతను సిద్దికా ఇంట్లో పెద్దల ముందు ఈ పెళ్ళి తనకు వద్దన్నాడు. కారణం అడిగితే ఈగల సంగతి చెప్పాడు. ఈగల మాటను ఎవరూ కాదనలేదు. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ కొత్తబట్టలు బీరువాలో పెట్టేసింది.

జమీలా మాత్రం ఒళ్ళో నిద్రపోతున్న సమీరా జుట్టు సర్దుతూ చెల్లెలి వైపు చూసింది.

"నా కూతురిలాంటిది పుడుతుందనేగా మీ భయం?"

ఈగల్ని చూసిన క్షణం నుంచి ఇప్పటిదాకా ఆ పిల్లను సిద్దికా ఒక జబ్బులాగే తలుచుకుంటోంది. కాదక్కా అనబోయింది.

"మా పెళ్ళికి ముందే నాచేతా మీ బావచేతా జావ కలిపించి చూసుంటే, దీన్ని కనొద్దనేదానివి కదే," అంది జమీలా.

పిల్లను భుజాన వేసుకుని, చీకట్లోనే వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ పుట్టింటి గడప తొక్కలేదు.