బురద కాళ్ళ ఉల్లంకి

ఆ సోమవారం దర్జీకి మిషన్ ముందు కుదురు లేదు. ముందురోజు ఉప్పుమడుల దగ్గర పన్నెండు చిన్న ఉల్లంకి పిట్టలను చూసి, అన్నీ నల్లకాళ్ళవేనని రాసి, పిట్టల లెక్కలు చూసే మాస్టారుకు పంపేసింది. పిచ్చుకంత ఉండే ఈ పిట్టల్లో మనవైపు వచ్చేవి రెండు రకాలు. ఒకదాని కాళ్ళు నలుపు, రెండోదానివి పసుపు. తీరా పొద్దున ఫోటోను పెద్దది చేసి చూస్తే, ఒకదాని కాలు బురద అంటని పైభాగాన లేతరంగులో కనిపించింది.

"రెండూ ఎడమ చేతులే కుట్టావు కదమ్మా, ఈ చొక్కా ఎవరు తొడుక్కుంటారు?" అంది అత్తగారు.

"అత్తయ్యా, ఆ కాళ్ళు నలుపు కాదేమో."

"పిట్టకు లేని బాధ నీకెందుకే?"

"దారం రంగు వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేస్తాను. అలాంటిది బురదను చూసి మోసపోయానా?"

"సరే, పద. నువ్వు చూసొస్తే గానీ నాకు మనశ్శాంతి ఉండదు."

మడుల దగ్గర అన్నిటి కాళ్ళకూ బురదే. దర్జీ ఆ గట్టు మీంచి ఈ గట్టు మీదికి తిరిగింది, దుర్బిణి అద్దాలు పదిసార్లు తుడిచింది. తొమ్మిది పిట్టలు ఒకచోట నిలవక పరుగులు తీస్తూ పొడుచుకు తింటున్నాయి. మూడు మాత్రం గడ్డి అంచున, జారిపోయిన సూదిని వెతుకుతున్నట్టు, వంగి మెల్లగా కదులుతున్నాయి.

ఇంతలో ఒక కుక్క బురదలోకి దూకింది. తొమ్మిదీ నీళ్ళకు ఆనుకుని ఎగిరిపోయాయి. మూడూ విసిరేసినట్టు నిటారుగా పైకి లేచాయి.

"ఇవేంటే, కీచురాళ్ళలా గొంతు సాగదీస్తున్నాయి? అవతలివి టిక్కుటిక్కుమనే పోయాయిగా!" అంది అత్తగారు.

కాసేపటికి ఆ మూడింటిలో ఒకటి తేటనీటి కాలువలో దిగింది. నాలుగడుగులు వేసేసరికి బురద కరిగి, పసుపు కాళ్ళు బయటపడ్డాయి. దర్జీ వెంటనే ఫోన్ చేసింది.

"మాస్టారూ, నా లెక్క తప్పు. ఒకేలా లేచి, ఒకేలా అరిచిన మూడూ పసుపుకాళ్ళవే."



"అమ్మాయ్, ఆ మడుల్లో పదేళ్ళుగా నేనూ అన్నీ నలుపనే రాస్తున్నాను," అన్నాడు మాస్టారు. "అక్కడే ఉండు. చెప్పులేసుకుని వచ్చేస్తున్నా."