గంజి పెట్టిన లేసు

తెల్లవారితే సుమిత్ర పొయ్యి ముందు, జీవమణి వసారాలో దిండు ముందు. అమీర్‌పేటలో ఆ రెండర్రల పెంకుటింట్లో నాలుగేళ్లుగా ఇదే వరస. ఇద్దరూ తోటికోడళ్లు. చిన్నదైన జీవమణి మొగుడు ప్లేగులో పోయాడు. ఆమెకు తిండి పెడుతున్నానని పెద్దది రోజూ గుర్తు చేసేది, పెట్టడం మాత్రం అప్పుడప్పుడు మరిచిపోయేది.

దిండు మీద నమూనా కాగితం పరిచి, గుండుసూదులు గుచ్చి, దారం చుట్టిన ముప్పై జతల కర్ర కండెలు అటూ ఇటూ మారుస్తూ జీవమణి లేసు అల్లేది. నోరు విప్పేది కాదు. అల్లుతున్న లేసు దగ్గర మాట్లాడిన మాట దారాల మెలికల్లో ఉండిపోతుంది, గాలి తగిలితే బయటికొస్తుంది. అందుకే చర్చి బల్లగుడ్డ అంచు కీర్తనలు పాడుతూ అల్లేవారు. పంజాగుట్ట మిషను బంగళాలో ఉండే దొరసాని మిస్సమ్మ లేసు కాలరు నూరేళ్లనాటిది. ఏదో దేశపు ముసలమ్మ గొంతుతో సణుగుతుంది, అర్థమయ్యేవాళ్లు లేక పరువుతో బతుకుతోంది. సణుగుడు పడనివాళ్లు చిక్కటి గంజి పెడతారు. గంజి ఎండితే లేసుకు నోరు పడిపోతుంది.

లేసు బడికి పంతులమ్మ కావాలని మిస్సమ్మ కబురు పెట్టింది. ఆ కాలరు నమూనాతో కిటికీ పరదాకు అంచు అల్లినవాళ్లకే పని, బడి ఆవరణలోనే ఓ అర్ర. జీవమణికి పని కంటే అర్ర మీదే ఆశ. దానికి లోపలి గడియ ఉంటుంది.

అయిదు నెలలు అల్లింది. వెనక సుమిత్ర నోరు పొయ్యి కంటే ఎక్కువ మండింది. జీవమణి తల తిప్పలేదు. చివరి సూది పీకిన రోజే చలిజ్వరం పట్టుకుంది. లేచేసరికి దిండు బోడిగా ఉంది.

"నా లేసేదక్కా?"

"నీదేంది? నా ఇంటి కప్పు కింద అల్లింది నాదే. మిస్సమ్మకు ఇచ్చొచ్చిన."

సుమిత్ర మొగుడు సత్యరాజు గొణిగాడు. "తప్పు గదనే."

"నీకు ఎసరు దించుడు రాదు, తప్పొప్పులు చెప్తవా? గమ్మునుండు."

జీవమణి గోడ పట్టుకుని లేచి పంజాగుట్టకు నడిచింది. ఏం కూస్తుందోనని సుమిత్ర వెంటపడింది.

బంగళా కిటికీకి లేసు వేలాడుతోంది, అప్పడంలా బిర్రుగా.

"మీరిద్దరూ నేనే అల్లానంటున్నారు. అబద్ధం ఎవరిది?" అంది మిస్సమ్మ.

"జరమొచ్చి దీని తల తిరిగింది మిస్సమ్మా. దీనికి సూది సుత కనవడదు," అంది సుమిత్ర.

జీవమణి వంటవాడి వైపు తిరిగింది. "ఐలన్నా, జర నీళ్లియ్యి."

ఐలయ్య చెంబు తెచ్చిచ్చాడు. ఆమె గుక్కైనా తాగలేదు. చెంబెడు నీళ్లూ లేసు మీద కుమ్మరించింది. గంజి తెల్లగా కారింది.

సుమిత్ర నవ్వింది. ఎందుకైనా మంచిదని గంజి పెట్టింది గానీ, అల్లినన్నాళ్లూ జీవమణి పెదవి విప్పలేదని తెలుసు. లేసులో ఏముంటుంది? "పొయ్యనియ్యండి. అల్లేటప్పుడు నేను నోరు మూస్కునే ఉన్న."

గాలి వచ్చింది. లేసు కదిలింది, సుమిత్ర గొంతుతో.

"ఏమే జీవమణీ, ఇంకెన్నాళ్లు అల్లుతవే? మొగుణ్ణి మింగినవ్, ఇప్పుడు దారం మింగుతున్నవ్."

లేసు ఆగలేదు.

"గా కండెలు పొయ్యిల పెడితే రెండు పూటల వంటైతది. నీతోని ఏమైతదే?"

సుమిత్ర ఉరికి రెండు చేతులతో లేసును అదిమింది. వేళ్ల సందుల్లోంచి అదే గొంతు, అవే తిట్లు. అయిదు నెలల తిట్లు, అంత తొందరగా అవుతాయా?

"గొంతైతే నీదే అక్కా," అన్నాడు ఐలయ్య, చెంబు తీసుకుంటూ.

మిస్సమ్మ బడి అర్ర తాళంచెవి జీవమణి చేతిలో పెట్టింది. "ఈ లేసుకు మళ్లీ గంజి పెట్టిస్తాను."

"వద్దు మిస్సమ్మా. నా అర్ర కిటికీకి ఇయ్యండి. అల్లేటప్పుడు మాట్లాడొద్దని పిల్లలకు నేను చెప్పే పని తప్పుతది."

ఇచ్చింది. రోజూ పొద్దుటి గాలికి ఆ కిటికీలో మొదటి మాట ఒకటే.

"ఎంత అల్లినా నువ్వు నా గడప దాటలేవే."

అది పూర్తయ్యేదాకా ఆగి, జీవమణి తన గడియ తీసేది.