మూడేళ్ల తర్వాతి ప్రాసెసర్

మార్కు ఏడేళ్లుగా కంప్యూటర్ మారుద్దామనుకుంటూనే ఉన్నాడు. ఇంట్లో ఉన్నది బందరులో డిప్లొమా చదివేటప్పుడు కొన్నది. ఇప్పటి గేములు అందులో తెరుచుకోవు. తెరుచుకున్నా మోకాలి లోతు బురదలో నడిచినట్టు నడుస్తాయి. డబ్బు లేక కాదు. కొందామనుకున్న ప్రతిసారీ, ఇంకో ఆరు నెలల్లో కొత్త తరం ప్రాసెసర్ వస్తోందని ఎక్కడో చదివేవాడు. అది వచ్చేదాకా ఆగేవాడు. వచ్చాక ధర తగ్గనీ అని ఆగేవాడు. ధర తగ్గేసరికి దాని తర్వాతి దాని కబురు వచ్చేది.

ఈలోగా తెలిసినవాళ్లందరికీ తనే ఎంచిపెట్టాడు. గుడివాడలో ఫొటో స్టూడియో పెట్టిన రాహుల్‌కీ, చల్లపల్లిలో ట్యూషన్లు చెప్పే ఇందిరాదేవి గారికీ ఏ ప్రాసెసర్ కావాలో చీటీ మీద రాసిచ్చింది అతనే.

అతనికి ముప్పై ఒకటి. కృత్తివెన్నులో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పని. బందరు నుంచి రోజూ బండి మీద వెళ్లి వచ్చేవాడు. కిందటి కార్తీకంలో ఒక సాయంత్రం, ఇంకా పూర్తిగా చీకటి పడకముందే, బండి చెరువు గట్టు మీంచి నీళ్లలోకి దిగిపోయింది. రోడ్డు తిన్నగా ఉందనే అనుకున్నాడు. చెరువు కాపలావాళ్లు బయటికి లాగారు. దెబ్బలేమీ తగల్లేదు గానీ, అంత మలుపు ఎలా కనపడలేదని వాళ్లు అడుగుతూనే ఉన్నారు.

చిన్నప్పుడు సందె వేళ గుమ్మాలు తట్టుకుని పడుతుంటే రేచీకటి అనుకుని తల్లి జ్ఞానమ్మ వారం వారం మేక కార్జం వండి పెట్టేది. తగ్గిందనే ఇంట్లో అందరూ అనుకున్నారు. అతను చీకట్లో కదలకుండా కూర్చోవడం నేర్చుకున్నాడు, అంతే.

విజయవాడలో కంటి ఆసుపత్రికి తండ్రి కృపానందం వెంట వెళ్లాడు. ఒక గిన్నెలాంటి యంత్రంలో ముఖం పెట్టించి, చుక్క వెలుగు కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. చాలాసేపటికి ఒకసారి నొక్కాడు. చుక్కలే తక్కువ వేస్తున్నారనుకున్నాడు.

డాక్టరమ్మ కాగితం చూసి, కృపానందం వైపు తిరిగింది. "మీది మేనరికమా అండీ?"

"అవునండి. మా అక్క కూతురే."

"అది లేకపోయినా రావచ్చు లెండి. ఇది పుట్టుకతో వచ్చేది. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వస్తుంది. మధ్యలోది చివరిదాకా ఉంటుంది."

"చివర అంటే ఎప్పుడండీ?" అన్నాడు మార్కు.

"మూడేళ్లు కావచ్చు, పదేళ్లు కావచ్చు. కొందరికి ఇంకా ముందే, చెప్పలేం. ఇప్పటికైతే దీనికి మందు లేదు. బండి మాత్రం నడపొద్దు."

తిరుగు బస్సు గుడివాడలో ఆగింది. కృపానందం దిగి రెండు టీలు తెచ్చి, ఒకటి కొడుకు చేతికిచ్చాడు. "అప్పట్లో మాకెవరూ చెప్పలేదు నాన్నా," అన్నాడు.

"మిమ్మల్ని ఎవరన్నారు నాన్నా."

ఆ మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదు. ఆదివారం పాస్టరుగారు ఇంటికొచ్చి మార్కు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. జ్ఞానమ్మ ఏడ్చింది. మార్కు కళ్లు మూసుకోమన్నప్పుడు మూసుకుని, తెరవమన్నప్పుడు తెరిచాడు.

ఆ వారమే బండి అమ్మేశాడు. వచ్చిన డబ్బుకు దాచుకున్నది కలిపి, వెంకట్‌ను వెంటబెట్టుకుని కంప్యూటర్ షాపుకు వెళ్లాడు. వెంకట్ మంగినపూడి దగ్గర సముద్రం మీద బతికే ఊరివాడు. డిప్లొమాలో పక్క బెంచీ. చదువు మానేసి తండ్రి నరసింహం బోటు చూసుకుంటున్నాడు. కాలేజీ రోజుల్లో ఇద్దరూ నెట్ సెంటర్‌లో కార్ల పందేల గేమ్ ఆడేవాళ్లు. ఒక్కసారి కూడా వెంకట్ గెలవలేదు. కళ్ల సంగతి మార్కు అతనికింకా చెప్పలేదు.

షాపు నాగేశ్వరరావుకు మార్కు అంటే గౌరవం. కుర్చీలు వేయించి, తనే సలహా చెప్పాడు. "ఆరు కోర్లది తీసుకోండి మార్కు గారూ, చాలు. ఈ బోర్డు మీద ఇంకో మూడేళ్లకు వచ్చే ప్రాసెసర్ కూడా కూర్చుంటుంది. అప్పుడు పెద్దది వేసుకుందురు గాని. మీరు అందరికీ చెప్పేది అదే కదండీ."

"మూడేళ్ల తర్వాతది నాకొద్దండి. ఇవాళ ఉన్నవాట్లో గేములకు అన్నిటికంటే మంచిది ఇవ్వండి. ఎనిమిది కోర్లది, క్యాష్ ఎక్కువున్నది."

"దానికీ దీనికీ తేడా ఏంట్రా?" అన్నాడు వెంకట్.

"గేమ్‌లో ఏ కారు ఎటు కదలాలో లెక్కగట్టేది ప్రాసెసర్. కోర్లంటే అందులో పనిచేసే మనుషుల్లాంటివి. క్యాష్ అంటే దాని చేతికందేలా పెట్టుకున్న సరుకు. బోటులోనే ఐసు ఉండటానికీ, ప్రతిసారీ ఒడ్డుకొచ్చి తీసుకెళ్లడానికీ ఉన్న తేడా."

వెంకట్ నవ్వాడు. "బాగానే ఉంది గానీ, రెండు నెలల్లో కొత్తవి వస్తాయని మొన్ననేగా అన్నావు. ఏడేళ్లు ఆగినోడివి రెండు నెలలు ఆగలేవా?"

సరుకు ఉందో లేదో విజయవాడకు ఫోన్ చేసి కనుక్కుంటానని నాగేశ్వరరావు లోపలికి వెళ్లాడు. అద్దాల బీరువాలో వరసగా పేర్చిన ఖాళీ డబ్బాల వైపు చూస్తూ మార్కు చెప్పాడు.

"నాకు చూపు పోతోందిరా."

"కళ్లజోడు పెట్టించుకో."

"జోడు పనిచెయ్యదు."

"ఆపరేషన్?"

"లేదు."

"హైదరాబాద్‌లో పెద్ద పెద్ద డాక్టర్లు ఉంటారు కదరా."

"అడిగాం."

వెంకట్ చూపుడువేలు మార్కు ముక్కుకు ఎదురుగా పెట్టి, మెల్లగా పక్కకు జరిపాడు. "కనిపిస్తోందా?"

"ఆఁ."

"ఇప్పుడు?"

"లేదు."

వేలు ఇంకా కనుబొమ చివరకు కూడా పోలేదు. వెంకట్ చెయ్యి దించేశాడు. నాగేశ్వరరావు బయటికొచ్చి రేపు సాయంత్రానికి సరుకు వచ్చేస్తుందన్నాడు. ఆగమని వెంకట్ మళ్లీ అనలేదు.

రెండు రోజుల తర్వాత మార్కు గదిలో కొత్త కంప్యూటర్ వెలిగింది. వెడల్పాటి కొత్త తెర. తెరలో కొండ అంచునే పోయే రోడ్డు, కింద సముద్రం, ముందూ వెనకా కార్లు. ఒక్క కుదుపు లేదు. ఇన్నేళ్లుగా వీడియోల్లో చూసిందంతా అలాగే ఉంది. కాకపోతే మార్కుకు కనిపించింది తెర మధ్యలో పళ్లెమంత మేర. పక్క నుంచి వచ్చే కారు గుద్దేదాకా తెలిసేది కాదు. ప్రాసెసర్ వాటన్నిటినీ లెక్కగడుతూనే ఉంది. అవి ఎక్కడున్నాయో అతనే చూడలేకపోతున్నాడు.

మొదటి పందెం, పక్కన కూర్చుని రెండో కంట్రోలర్‌తో ఆడిన వెంకట్ గెలిచాడు. రెండోదీ అతనే. మూడో దాంట్లో వెంకట్ కారు మలుపు దగ్గర ఊరికే నెమ్మదించింది.

"అలా ఆడొద్దురా," అన్నాడు మార్కు.

"నేనేం చెయ్యలేదు."

"తెలుస్తోందిగా."

కొద్ది రోజులకు మార్కు ఒకటి కనిపెట్టాడు. కుర్చీ వెనక్కి జరిపితే తెర ఎక్కువ కనిపిస్తుంది. బల్ల దగ్గర్నుంచి మూడడుగులు వెనక్కి వెళ్లాడు. తర్వాత మంచం తీయించి, వెనక గోడకు వీపు ఆనేదాకా జరిగాడు. అక్కడ్నుంచి తెర నాలుగు మూలలూ కనిపించాయి. కానీ సముద్రం, కొండ, కార్లు అన్నీ కలిపి చేతిలోని ఫోనంత. ఆ ముక్క చాలని కొన్నాళ్లు అక్కడే కూర్చుని ఆడాడు. ఫాల్గుణం వచ్చేసరికి ఆ ఫోనంత దాంట్లోనూ మూలలు మాయమయ్యాయి. వీపు వెనక గోడ ఉంది. ఇంకా జరగడానికి చోటు లేదు.

ల్యాబ్‌కు బస్సులో వెళ్తున్నాడు. మోచేతి పక్కనున్న గాజు సీసాలు తగిలి పడేవి. ఒకే వారంలో మూడు పగిలాయి. రైతులు తెచ్చిన నీళ్లు నేలపాలయ్యాయి. మేనేజరు సీసాలు దూరంగా పెట్టమని మిగతావాళ్లకు చెప్పాడు. అవి దూరంగా పెట్టాక మార్కుకు దొరికేవి కావు. నెలాఖరున తనే మానేశాడు.

ఏప్రిల్ నడిమి నుంచి సముద్రంలో చేపల వేట నిషేధం. బోట్లు ఒడ్డునే ఉంటాయి కాబట్టి వెంకట్ తీరిగ్గా వచ్చేవాడు. ఒక మధ్యాహ్నం మార్కు చేతిలోని కంట్రోలర్ అతనికిచ్చాడు.

"నా కారేదో నాకే దొరకట్లేదు. నువ్వే నడుపు. ఏం కనిపిస్తోందో చెబుతూ ఉండు, వింటాను."

వెంకట్ మొదలుపెట్టాడు. "రోడ్డుందిరా. కుడి పక్కన సముద్రం."

"ఎలా ఉంది?"

"సముద్రంలాగే ఉంది. నీళ్లు."

"రంగు?"

"నీలం." కాసేపాగి, "మన దగ్గరలాగ బురద రంగు కాదు," అన్నాడు. మళ్లీ వెతుక్కున్నాడు. "ఎదర మలుపొస్తోంది. తిరిగాను. మళ్లీ రోడ్డు." ఆ తర్వాత అతనికి చెప్పడానికి ఇంకేమీ దొరకలేదు. ఇంజను మోత మాత్రం వినిపిస్తోంది.

"నాకు చెప్పడం చేతకాదురా," అన్నాడు చివరికి.

"చాల్లే. ఆపెయ్."

వెంకట్ కారు ఆపాడు. జ్ఞానమ్మ మజ్జిగ తెచ్చి, గ్లాసు కొడుకు అరచేతిలో పెట్టి, వేళ్లు తనే మూసి వెళ్లింది. మార్కు తాగాడు.

"ఇది నువ్వు తీసుకుపో వెంకట్. మీ ఇంట్లో పెట్టుకో."

"ఉంచరా. మందు ఏదన్నా వస్తే?"

"వస్తే అప్పుడు చూద్దాం. ఊరికే పడుంటే ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. మీ ఇల్లు ఇంకా సముద్రానికి దగ్గరనుకో." ఆ మాటకు ఇద్దరూ నవ్వలేదు.

వెంకట్ తీసుకెళ్లలేదు. రేపొస్తానని లేచాడు. బయట గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూశాడు. గోడకు ఆనించిన కుర్చీ ఖాళీగా ఉంది. తెర వెలుగుతూనే ఉంది. దాన్ని ఆపడానికి మార్కు లేచి వచ్చి, చేత్తో బల్ల అంచు కోసం తడుముతున్నాడు.