పౌడరు రాసిన కంకర

"ఇంకో నాలుగు గంపలు పొయ్యండి! పెద్దాఫీసరు తనిఖీ ట్రాలీ వచ్చేసరికి కళకళలాడాలి!" గొడుగు నీడలోంచి సూపర్‌వైజరు అరిచాడు.

గంప మోస్తున్న రైల్వే గ్యాంగు ఆడమనిషికి ఒళ్ళు మండిపోయింది. పట్టాల కింద కంకర ఎప్పుడో నలిగి పిండైపోయింది. రాళ్ళ సందుల్లో మట్టి పూడుకుపోయి వాననీరు కదలదు. బండి వచ్చినప్పుడల్లా పట్టాల్ని మోసే స్లీపరు దిమ్మెలు కిందికీ పైకీ ఆడుతూ బురద కక్కుతున్నాయి. ఆ కుళ్ళంతా తవ్వి, జల్లించి, కొత్త రాయి కూరాలంటే రోజూ కొన్ని గంటలు బళ్ళు ఆపాలి. ఆపడం పైవాళ్ళకు నామోషీ. అందుకే బురద మీద నాలుగు వేళ్ళ మందాన కొత్త కంకర చల్లుతారు. గ్యాంగులో దీన్ని పౌడరు రాయడం అంటారు.

పోయినేడు ఆమె కూడా నవ్వుతూనే రాసింది. ఆఫీసరు ట్రాలీ దిగకుండానే "బ్రహ్మాండం" అన్నాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు తన మీద తనకే రోత పుడుతోంది.

రోజూ పట్టాల వెంట నడిచి చూసే ముసలి కీమన్ సుత్తితో స్లీపరు మీద కొట్టాడు.

"విన్నావా అమ్మాయ్?"

"కింద డొల్ల, బాబాయ్."

"బళ్ళని ఇక్కడ నెమ్మదిగా పొమ్మనే బోర్డు ఇవాళే పీకేస్తారంట. రేపట్నుంచి ఫుల్ స్పీడు."

ఆమె చేతిలో గంప ఆగిపోయింది. "పొద్దున్నే మా పెద్దది ఈ దారిన పోయే బండిలోనే ఆస్పత్రి డ్యూటీకి వెళ్తుంది. సారుకి చెప్పావా?"

"చెప్పాను. నీ పని నువ్వు చూసుకోమన్నాడు."

దూరంగా ట్రాలీ కనిపించింది. సూపర్‌వైజరు గొడుగు మడిచి, చొక్కా సర్దుకుని, మొహానికి నవ్వు పులుముకున్నాడు.  ఆ నవ్వు చూసి ఆమె గంప కింద పడేసి పార అందుకుంది. పొద్దుట్నుంచి తను పోసిన కంకరనే బరబరా పక్కకు లాగసాగింది. అడుగున నల్లటి బురద బయటపడింది.

"ఏయ్! పిచ్చి పట్టిందా? ఏం చేస్తున్నావ్?"

"మొహం కడుగుతున్నాను సార్."

"ఉద్యోగం ఊడుతుంది!"

ఆమె పార ఆగలేదు. కీమన్ ఒక్క క్షణం చూసి, సుత్తి కింద పెట్టి, ఇంకో పార తీసుకున్నాడు.

ట్రాలీ వచ్చి వాళ్ళ ముందు ఆగింది.

"దిగండి సార్," అందామె. "ఒక్కసారి ఇక్కడ కాలు పెట్టి చూడండి."

ఆఫీసరు కింద బురదవైపు చూశాడు. తన బూట్లవైపు చూసుకున్నాడు.